గీత దాటిన ఆయిల్

బెల్లం దిమ్మ అంచు గిల్లి, రెండు వేళ్ల మధ్య నలిపి, నాలుక మీద వేసుకుంటే చాలు, అందులో పంచదార కలిసిందో లేదో చెప్పేస్తాను. అనకాపల్లి మార్కెట్‌లో పాతికేళ్లుగా నా పని అదే. నా మాటకు ఎదురు చెప్పినవాళ్లు తక్కువ. నాకు పొగరనుకునేవాళ్లు మాత్రం చాలామందే ఉన్నారు. ఉండనివ్వండి.

మూడేళ్ల కిందట డీజిల్ కారు కొన్నాను. ఇంటి నుంచి మార్కెట్ రెండు కిలోమీటర్లు కూడా ఉండదు. పొద్దున్న వెళ్లడం, భోజనానికి రావడం, మళ్లీ వెళ్లడం. ఇంజిన్ వేడెక్కేలోపే ఆపేసేవాణ్ణి. ఇంత తక్కువ తిరిగే బండికి ఏ జబ్బూ రాదని నా ధీమా. అప్పుడప్పుడు డాష్‌బోర్డు మీద ఒక పసుపు లైటు వెలిగేది. వెలిగినా ఆపేసి దిగిపోయేవాణ్ణి.

ఒకసారి పాయకరావుపేటలో మా మేనకోడలి గృహప్రవేశానికి ఇంటిల్లిపాదీ బయల్దేరాలి. ముందురోజు మార్కెట్‌లోనే బానెట్ ఎత్తి, ఆయిల్ మట్టం కొలిచే డిప్‌స్టిక్ తీసి చూశాను. ఆయిల్ పై గీత దాటి వేలెడు పైకి ఉంది.

"అందరి బళ్లూ ఆయిల్ తాగేత్తాయి. నా బండి సూడండి, పెంచుతంది" అన్నాను, చుట్టూ ఉన్నవాళ్లకు వినపడేలా.

బుచ్చయ్యపేట వైపు నుంచి సొంత ట్రాక్టర్ మీద బెల్లం తెచ్చే రైతు ఒకతను అక్కడే ఉన్నాడు. అంతకుముందు వారమే అతని సరుకులో పంచదార కలిసిందని అందరి ముందూ తిప్పి పంపాను. కలపలేదని అతను ఒట్టేశాడు కూడా. ఇప్పుడు దగ్గరికొచ్చి డిప్‌స్టిక్ నా చేతిలోంచి తీసుకున్నాడు. కొసనున్న ఆయిల్‌ను రెండు వేళ్లతో నలిపాడు, వాసన చూశాడు. అచ్చం నేను బెల్లాన్ని చూసినట్టే చూశాడు.

"ఆయిల్ పెరగడమేటి బాబూ? ఇందులో డీజిల్ కలిసిపోనాది. దీంతో హైవే ఎక్కితే ఇంజిన్ పట్టేత్తాది. పిల్లల్ని ఎక్కించకండి."

ఎవరో నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. నేనూ నలిపి చూశాను. ఆయిల్ చిక్కదనమే లేదు, నీళ్లలా జారిపోయింది. డీజిల్ వాసన గుప్పుమంది.

మెకానిక్ కూడా అదే అన్నాడు. పొగగొట్టంలో పేరుకున్న మసిని కాల్చడానికి బండి అదనంగా డీజిల్ చిమ్ముకుంటుందట. ఆ పని పూర్తికాకుండా ఆపేస్తుంటే ఆ డీజిల్ కిందికి జారి ఆయిల్‌లో కలుస్తుందట. ఇంకాసేపు నడపమనే ఆ పసుపు లైటు మొత్తుకునేది. ఆయిల్ మార్చి, వారానికోసారైనా అరగంట ఆపకుండా తోలమన్నాడు. మర్నాడు పాయకరావుపేట క్షేమంగా వెళ్లొచ్చాం.

ఆ ఆదివారం కారు బుచ్చయ్యపేట వైపే తోలాను. అతను బెల్లం వండుతున్నాడు.

"నువ్వు సెప్పకపోతే ఇంటోళ్లందరితో నడిరోడ్డు మీద ఉండిపోదును మావా. ఆ రోజు నీ సరుకు సంగతిలో కూడా నేనే పొరపాటు పడ్డానేమో" అన్నాను. మార్కెట్‌లో ఆ మాట నా నోట ఎవరూ విని ఉండరు.

అతను పొయ్యిలోకి చెరకు పిప్పి ఎగదోస్తూ, నా వైపు చూడకుండా చెప్పాడు.

"పొరపాటేం నేదు బాబూ. రంగు రాదని పంచదార ఏసేను. మీకాడ అబద్ధం ఒట్టేసేను. ఇక ఎయ్యను."

నా వేళ్ల మీద నమ్మకం నాకు మళ్లీ తిరిగొచ్చింది. అతను అప్పుడే ఆరిన దిమ్మ నుంచి ఒక ముక్క విరిచి నా చేతిలో పెట్టాడు. నలపకుండానే నోట్లో వేసుకున్నాను.