తోక విసిరే కోత మిషను

షంషుద్దీన్ ఒట్టి పిరికివాడని ప్రొద్దుటూరులో అందరూ నవ్వేవాళ్లు. వాళ్లలో నేనూ ఉన్నాను, నా మొహం మండ. జమ్మలమడుగు నుంచి పులివెందులకు పన్నెండేళ్లు బస్సు తోలి, కోడిపిల్లను కూడా తొక్కించని మనిషి అతను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఏడెనిమిదేళ్లయి ఉంటుంది. కాలువ కింద వరి పండించే పెద్ద రైతులు కొందరు సంఘంగా చేరి, పరదేశం నుంచి ఒక పెద్ద కోత మిషను తెప్పించారు. తోలడానికి షంషుద్దీన్‌ను పెట్టుకున్నారు. నేను ఆ సంఘంలో గుమాస్తాను. మేనేజరు వేదవ్యాస గారంటే నాకు హడలు.

ఆ మిషనుకు స్టీరింగు తిప్పితే ముందు చక్రాలు కాదు, వెనక చక్రాలు తిరుగుతాయి. ముందు భాగం ఎడమకు మళ్లితే తోక విసురుగా కుడికి కొడుతుంది. మొదటిరోజే షెడ్డు పక్కన నిలబెట్టిన నాపబండలను పుల్లల్లా విరగ్గొట్టింది. షంషుద్దీన్ దిగి వాటిని చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు.

"సీటు ఎనక గింజల తొట్టి అడ్డం ఆదినారాయణప్పా. ఆడ మనిషి ఉన్నా నాకు కనపడదు" అన్నాడు నాతో.

అతని భయమంతా పరిగె ఏరుకునే ఆడవాళ్ల గురించే. కోతల్లో రాలిన వెన్నులు లేనివాళ్లవే, ఏ రైతూ వద్దనడు. మిషను వచ్చినా వాళ్లు మానలేదు. వెన్నులు తోక కిందే రాలుతాయి కనుక దాన్ని అంటుకునే నడిచేవాళ్లు. అందరికంటే ముందు రామసుబ్బమ్మ. గొర్రెలన్నీ రోగమొచ్చి చస్తే పరిగె మీద బతుకుతున్న ముసలామె.

"దూరం జరుగు అవ్వా, తగులుతాది" అనేవాడు షంషుద్దీన్.

"పుట్టినకాడ్నుంచి బండ్ల ఎనక నడుస్తాండా. ముందర పడితే గదా సచ్చేది. ఎనక ఏమయితాదప్పా?" అనేది ఆమె.

అందుకని అతను ప్రతి మలుపులోనూ మిషను ఆపి, దిగి, చుట్టూ చూసి, వాళ్లను పొలం గట్టు మీదికి పంపి మళ్లీ ఎక్కేవాడు. చొక్కా చెమటతో తడిసి ముద్దయ్యేది. "మిషను తోలుతాండాడా, కాపలా కాస్తాండాడా?" అని మేము ఎగతాళి చేసేవాళ్లం.

ఆ రోజు మబ్బు పట్టింది. ఇంకా రెండెకరాల పైరు నిలబడే ఉంది. వేదవ్యాస గారు వెనక చూసి చెప్పే పని నాకు పురమాయించి, గట్టు మీద నుంచి, "వాడు ఇంకోసారి దిగితే మీ ఇద్దరినీ పనిలోంచి పంపించేస్తా" అని కేకేశారు. మలుపు వచ్చింది.

"ఎవరన్నా ఉండారా అప్పా?" అన్నాడు షంషుద్దీన్.

నేను మిషనుకు ఎడమ పక్కన ఉన్నాను. కుడి పక్క చూడాలంటే చుట్టూ తిరిగి పోవాలి. మేనేజరు నావైపే చూస్తున్నారు.

"ఎవరూ లేరు, తిప్పు" అన్నాను.

తోక విసిరింది. ఆడవాళ్లు గొల్లుమన్నారు. నేను చుట్టూ తిరిగి అటు పరుగెత్తాను. రామసుబ్బమ్మ గట్టుకూ వెనక చక్రానికీ మధ్య పడి ఉంది. ఆసుపత్రికి చేరకముందే ప్రాణం పోయింది.

మేనేజరు నిలదీస్తే షంషుద్దీన్ నా పేరెత్తలేదు. "తిప్పింది నేనే సార్" అన్నాడు. తర్వాత నన్ను పక్కకు పిలిచాడు.

"నిజం చెప్పప్పా. నువ్వు ఆ పక్కకు పోయి సూసినావా?"

ఉద్యోగం పోతుందన్న భయం, జైల్లో వేస్తారన్న భయం.

"సూసినా" అన్నాను.

నమ్మాడు. ఆమె దూరంగానే ఉండి ఉంటుందనీ, తన చెయ్యే అదుపు తప్పి ఎక్కువ తిప్పిందనీ అనుకున్నాడు. ఆ తర్వాత ఏ బండి స్టీరింగూ పట్టలేదు. ఇరవై ఏళ్లు జమ్మలమడుగులో గాజులు అమ్మి బతికాడు.

అతను చనిపోయిన నెలకు భార్య ఖమ్రున్నీసాను పలకరించడానికి వెళ్లాను. "కడదాకా గూడా ఆ చేతినే సూసుకుంటా ఉండె. ఆ పొద్దు ఏం జరిగిందో నీకు తెలుసు గదా అన్నా?" అంది.

"పెద్ద పొరపాటు జరిగిపోయిందమ్మా" అని, ఎవరిదో చెప్పకుండానే చెప్పులు తొడుక్కున్నాను.