బొమ్మలో అమ్మ నోరు

కరోనా రోజుల్లో జర్మనీలో హైడెల్‌బర్గ్ వెళ్లే రైల్లో కూర్చుని, పదేళ్లు దాటిన ఆఫ్రికన్ అమెరికన్ పిల్లల దిగులు తగ్గించే కార్డులకు బొమ్మలు గీస్తున్నాను. సాయంత్రానికి పంపకపోతే పని చేజారుతుంది. ఎదుటి సీట్లో తల్లితో ఉన్న అచ్చం అలాంటి పిల్లే నా ట్యాబ్‌లోకి, ధ్యానం చేస్తున్న అమ్మాయి బొమ్మ వైపు తొంగిచూసింది.

“కళ్లు మూసుకుని కూర్చుందేంటి మేడమ్? మా ఇంట్లో అలా కూర్చుంటే గిన్నెలు కడగమంటారు.”

“మరి నీకు దిగులేస్తే ఏం చేస్తావట?” అన్నాను కటువుగానే.

“అమ్మ జడలల్లేటప్పుడు చెప్పేస్తాను. అప్పుడు తన మొహం కనబడదుగా!”

ధ్యానం చెరిపేసి, జడలల్లే తల్లిని గీశాను.

“అమ్మ నోరు మూసెయ్యండి. సలహాలిస్తే చెప్పబుద్ధి కాదు.”

మాస్కు వెనక తల్లి పకపకా నవ్వింది. నేను బొమ్మలో నోరు మూసేసి పంపించాను.

ఇంటికొచ్చి ఆ కార్డు ప్రింటు తీసి మా అమ్మాయి చేతికిచ్చి, జడ వేస్తూ “ఏంటే దిగులు?” అన్నాను. అది మొదలుపెట్టగానే నా సలహా కూడా మొదలైంది. వెనక్కి తిరక్కుండానే కార్డు పైకెత్తి చూపించింది.