కణారేట్టన్ స్థానంలో ఎలుక

పుళక్కర గ్రంథాలయంలోకి లైబ్రేరియన్ అంబుజాక్షి దొంగచాటుగా కొత్త కంప్యూటర్ తెప్పించిందని టీకొట్లో చెప్పుకుంటున్నారు. శుద్ధ అబద్ధం. అదే పాత డొక్కు, అదే లినక్స్. మారింది తెర మీద వేషం ఒక్కటే.

మొన్నటిదాకా అది తెరుచుకునేలోపు పాలు లేని కట్టన్ చాయ తాగి, గ్లాసు కడిగి బోర్లించొచ్చు. తెర మీద ఏది తెరిచినా జెల్లీలా ఊగేది, మూస్తే పొగలా కరిగిపోయేది. ఆ సోకులకే దాని ఊపిరంతా సరి. ఇక పింఛను దరఖాస్తులు కొట్టడానికేం మిగులుతుంది?

కమిటీవాళ్ళు ఊరుకుంటారా? ఉపసంఘం వేశారు. అది నాలుగుసార్లు కూర్చుని, పళ్ళెం నిండా అరటిపండు బజ్జీలు తిని, కంప్యూటర్ నిదానంగా ఉందని కనిపెట్టింది. పాతది తీసెయ్యాలి, కొత్తది కొని కార్యదర్శి గదిలో తాళం వేసి ఉంచాలి అని నివేదిక. కార్యదర్శి సదాశివన్ మాష్ రిటైరైన పంతులు. మధ్యాహ్నం భోంచేసి పడుకుంటే సాయంత్రానికే లేస్తాడు. ఆడవాళ్ళు దరఖాస్తులకొచ్చేది సరిగ్గా ఆ నిద్ర వేళకే. అంబుజాక్షి ఆ నివేదిక చదివి ఊరుకోలేదు.

బడి ల్యాబులో పదేళ్ళు లినక్స్ మీద ప్రశ్నపత్రాలు కొట్టిన చెయ్యి ఆమెది. ఆదివారం కమిటీ కూర్చునే ముందు తెరకు ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్ వేషం ఎక్కించి, పాస్‌వర్డ్ కొట్టే చోట పాతదాని బదులు దాన్ని ఎంచుకుంది. ఫైళ్ళన్నీ ఎక్కడివక్కడే. డొక్కు కాస్తా చెంగున లేచి కూర్చుంది.

అంతలో మాష్ వచ్చాడు. తెర మీద ఎప్పుడూ పూలదండతో కనిపించే గ్రంథాలయ వ్యవస్థాపకుడు కణారేట్టన్ ఫొటో లేదు. నీలం రంగులో ఎలుక బొమ్మ ఉంది.

"అంబుజం, మన కణారేట్టన్ స్థానంలో ఎలుకని కూర్చోబెట్టావా?"

"అది ఈ డెస్క్‌టాప్ గుర్తు మాషే. ఎలుకైతేనేం, పరిగెడుతోంది."

కమిటీ కొత్త కంప్యూటర్ సంగతి పక్కన పడేసి, జరిగిన అవమానం మీద చర్చకు దిగింది. ఖండిస్తే సరిపోతుందా, సంజాయిషీ కూడా అడగాలా అని గంటన్నర తేల్చుకోలేకపోయారు.

ఈలోగా నారాయణి వచ్చింది. ఆమె వితంతు పింఛను దరఖాస్తుకు మర్నాడే గడువు. అంబుజాక్షి టైపు చేసి, అచ్చు తీసి, ఆమె చేతిలో పెట్టింది. తర్వాత రెండు నొక్కులతో కణారేట్టన్‌ని దండతో సహా తెర మీదికి తెచ్చి, మాష్‌ని పిలిచింది.

"కణారేట్టన్ వచ్చేశారు మాషే. డొక్కు కూడా పరిగెడుతోంది. ఇక కొత్తది కొని తాళం వెయ్యడం దేనికి?"

మాష్ నోరు విప్పేలోపు నారాయణి కాగితం చూపించింది. "మీరు ఎలుకని విచారించి ముగించేలోపు నా పని అయిపోయింది మాషే. అదే తాళం వేసి ఉంటే, మిమ్మల్ని నిద్ర లేపడానికి ఇంకో దరఖాస్తు పెట్టుకోవాల్సి వచ్చేది."

కమిటీ అంతా నవ్వింది. కొత్త కంప్యూటర్ ఊసు ఆగింది. ఉపసంఘం కృషి వల్లే వేగం పెరిగిందని మినిట్స్‌లో రాసుకున్నారు. రాసుకోనీ.

కానీ తెర మీద ఆ జెల్లీ ఊగులాట లేక గ్రంథాలయం కళ తప్పిందని మాష్‌కి బెంగ. దాన్ని తిరిగి తేవడానికి ఇంకో ఉపసంఘం వేశాడట. మీరు అటువైపు వెళితే ఒకసారి లోపలికి తొంగి చూడండి. అంబుజాక్షి తెర వంక చూస్తూ గ్లాసు బోర్లించి కూర్చుందా, లేక టైపు చప్పుడు వినబడుతోందా, కనుక్కోండి.