కార్తీకానికి ముందే

అమెరికాలోని ట్రాయ్ ఊళ్ళో కార్ల విడిభాగాలు తనిఖీ చేసే గోపాల్, ప్లాంట్‌లో వెంట్రుకవాసి తేడా కనిపించినా లైన్ ఆపించేస్తాడు. ఇంట్లోనే వైన్ పులియబెట్టుకునే కిట్ తెచ్చిన దగ్గర్నుంచీ వచ్చిన ప్రతివాడికీ ఓపిక గురించి క్లాసు పీకాడు. రోజూ పొద్దున్నే బకెట్‌కి చెవి ఆనించి, బుడగల చప్పుడు డాక్టరులా వినేవాడు. ఆరు వారాలు ఆగాలని కిట్ మీద రాసుంది. నాలుగో వారంలో క్యాలెండర్ చూస్తే, ఎల్లుండి నుంచే కార్తీకమాసం.

“నిష్ఠగా ఉండే నెలలో ఇది ఇంట్లో పులుస్తూ కూచుంటే పాపం. సీసాల్లోకెక్కిస్తే సామాను కిందే లెక్క. ఇవాళే బాట్లింగ్ చేసేద్దాం,” అన్నాడు.

“ఇంకా బుడగలొస్తున్నాయి కదండీ,” అంది భార్య విజయశ్రీ.

“బిరడా బిగిస్తే అవే ఆగుతాయి.”

మొదటి సోమవారం పగలంతా ఉపవాసముండి, సాయంత్రం దీపం పెట్టి కళ్ళు మూసుకున్నాడు. సీసాలు దాచిన క్లోజెట్‌లో బిరడాలు ఒకదాని వెంట ఒకటి ఎగిరాయి. ఎర్రటి ధార తలుపు కింద నుంచి దేవుడి పీట దాకా వచ్చింది. గోపాల్ ముక్కుకి తువ్వాలు కట్టుకుని, మోకాళ్ళ మీద పాకుతూ ఇల్లంతా తుడిచాడు. ఒక్క చుక్కయినా నాలిక్కి తగలనివ్వలేదు.

“చూశావా విజయా,” అన్నాడు తువ్వాలు విప్పుతూ, “ఓపికంటే అదీ.”