నర్సమ్మగారి సుద్ద లెక్క

మా వార్డు నర్సమ్మగారు పోయారని వారం కిందట పొద్దున ఆటోనగర్‌లో టైరు విప్పుతుంటే ఫోనొచ్చింది. జ్వరమొచ్చి నాలుగో రోజట. నమ్మలేదు. ఊళ్ళోవాళ్ళకి దొంగ ఫోన్లు చేసేది నేనే కాబట్టి, ఎవరో బాకీ తీర్చుకుంటున్నారనుకున్నా. నిజమని తెలిసినప్పట్నుంచీ ఒక్కచోట కుదురుగా కూర్చోలేకపోతున్నా.

మీకు ఆవిడ తెలియకపోవచ్చు. మా కొండవాలు మెట్లన్నీ ఆవిడ మోకాళ్ళకి తెలుసు. జ్వరాల కాలంలో ఇల్లిల్లూ ఎక్కి, గుమ్మం పక్కన సుద్దముక్కతో తేదీ వేసి, పైన ఇంట్లో ఎంతమందో, కింద ఎంతమందికి జ్వరమో రాసేవారు. రక్తపరీక్షవాళ్ళు మర్నాడు ఆ అంకె చూసే తలుపు తట్టేవాళ్ళు. శుక్రవారమొస్తే మా పెరట్లో పాత టైర్లలో నీళ్ళు పారబోయించేవారు.

"ఏమయ్యా, దోమల్ని పెంచి అమ్ముతున్నావా?"

మీకైతే డిస్కౌంటండీ అనేవాణ్ణి. నవ్వేవారు కాదు. ఆఖరి టైరు తిరగేసేదాకా కదిలేవారూ కాదు.

ఒక ఏడు డెంగీ బాగా ఉంది. మా పక్కింటాయన నేత చీరలు అమ్ముతాడు, జ్వరం అన్నమాట వింటేనే ముక్కుకి కండువా కడతాడు. ఆయన గుమ్మం మీద కింద సున్నా ఉంటే, తుడిచేసి నాలుగు వేశా. చీరలకొచ్చిన ఆడవాళ్ళు మెట్ల మీంచే వెనక్కి తిరిగారు. నేను పొట్ట పట్టుకుని నవ్వా. పరీక్షవాళ్ళొచ్చి ఆ ఇంట్లో నలుగురికీ సూది గుచ్చారు. పై వరసలో నిజంగా జ్వరంతో పడున్న ఎనిమిదేళ్ళ పిల్ల దగ్గరికెళ్ళేసరికి కిట్లు అయిపోయాయి. రేపొస్తామని దిగిపోయారు.

సాయంత్రం నర్సమ్మగారు ఆ పిల్ల ఒంటి మీద ఎర్రమచ్చలు చూసి, భుజాన వేసుకుని మెట్లన్నీ దిగారు. ఆటో నేనే తెచ్చా. మూడ్రోజులు ఉంటుందో పోతుందో తెలియలేదు. ఆ మూడ్రోజులూ నా నోట్లోంచి జోకు రాలేదు. బతికింది.

తర్వాత ఆవిడ నా షెడ్డుకొచ్చి, టైర్ల మీద నేను సుద్దతో వేసిన సైజులు చూస్తూ నిలబడ్డారు.

"నీ నాలుగంకెకి తోక వంకర తిరుగుద్దయ్యా."

చేతిలో సుద్ద జేబులో దాచేశా.

"అంకె తప్పితే మందు తప్పు గుమ్మానికి పోద్ది."

అంతే. ఆవిడ ఎవరికీ చెప్పలేదు. ఇది చదువుతున్నావేమో, పక్కింటి బాబాయ్, ఆ నాలుగు నాదే.

ఆవిడ ఒక్కరే ఉండేవారు. చర్చిలో ప్రార్థన, సమాధి అయ్యాక ఆవిడింటికి వెళ్తే గుమ్మం పక్కన ఆవిడ రాతే. తేదీ. పైన ఒకటి, కింద ఒకటి. తన జ్వరం తనే రాసుకుని, పరీక్షవాళ్ళు తన వరసకి వచ్చేదాకా ఆగినట్టున్నారు. చావు కాగితంలో మాత్రం గుండె ఆగిందని రాశారట. కొత్తగా వచ్చిన నర్సు పిల్లని అడిగా, ఈవిడ జ్వరాల లెక్కలోకి రారా అని. పరీక్ష లేకుండా రాయకూడదండీ, అయినా ఆ గుమ్మం చూసి పైవాళ్ళకి చెప్తా అంది. ఇంకా రాలేదు.

ఈలోగా వాన పట్టుకుంది. రోజుకి మూడుసార్లు వెళ్ళి చూసొస్తున్నా. నిన్న వెళ్తే కింద ఒకటి సగం కారిపోయింది. జేబులో టైరు సుద్ద తీసి, ఆవిడ గీత మీదే, అటూ ఇటూ పోకుండా దిద్దా. నా వంకర ఒక్కటీ కలవనివ్వలేదు. మళ్ళీ చినుకులు మొదలయ్యాయి. గొడుగు గుమ్మానికి పట్టి, నేను తడుస్తూ నిలబడ్డా.