గుండాయనతో గొడవ

యుద్ధమప్పుడు రంగూన్ వదిలి తిరుపతి వచ్చేశాం. రంగూన్‌లోనే పుట్టి పెరిగిన నాకు ఇది పరాయి దేశమే. ఊరంతా తిరగ్గా ఒక మీసాలాయన ఇల్లిస్తానన్నాడు. సత్రం ఖాళీ చేసి, అమ్మా నేనూ సామానుతో వెళ్లేసరికి ఎవరో గుండాయన ఆ ఇంటి తాళం తీస్తున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఎవరయ్యా నువ్వు? మీసాలాయన ఈ ఇల్లు మాకిచ్చాడు!" అంటూ తాళంచెవి లాక్కున్నాను.

ఆయన మూతి తడుముకున్నాడు. "ఆ మీసాలు నిన్ననే కొండమీద స్వామికిచ్చేసినాను పాపా. ఆ మీసాలాయన నేనే!"

అమ్మ తల పట్టుకుంది. ఇల్లు పోయిందనుకుని, తాళంచెవి తిరిగి ఇవ్వబోయాను.

"నీ దగ్గరే పెట్టుకో. నన్నే రానీకుంటే, ఇంక దొంగోడు యాడొస్తాడు?" అని నవ్వాడాయన.

ఈ దేశంలో నా కోపాన్ని మెచ్చుకున్న మొదటి మనిషి ఆయనే.