అయిదడుగుల తొమ్మిదంగుళాల మనిషి

ఆ రోజుల్లో మారేడ్‌పల్లి సందులో ఒక బర్మా హోటలు ఉండేది. మధ్యాహ్నం పన్నెండు గంటలకు అందులో ఉండే వస్తువులు: బల్లలు మూడు, బెంచీలు ఆరు (ఒకదానికి కాలు పొట్టి), ఏడేళ్ల కిందటి రంగూన్ క్యాలెండరు ఒకటి, మూతి కట్టిన జాడీలు నాలుగు, వెనక గదికి అడ్డంగా వెదురు తెర ఒకటి. ఉండే మనుషులు: హోటలు నడిపే రంగూన్ బాబాయి, ఆయన భార్య బర్మా పిన్ని, మా వర్క్‌షాపు ఫిట్టరు మౌలాలి అన్న, నేను, రోజూ మారిపోయే ఆరేడుగురు. వీళ్లతో పాటు ప్రతి బల్ల దగ్గరా అనుమానం కూడా ఒక మనిషిలాగే కూర్చునేది. పోలీస్ యాక్షన్ అయి నాలుగు నెలలైంది. బొల్లారం వైపు మిలిటరీ లారీలు పోతూనే ఉండేవి. నిన్నటిదాకా సందు చివర గడ్డాలు గీసిన మంగలి హఠాత్తుగా కనబడకుండా పోతే అతను రజాకారని కొందరూ, కామ్రేడని కొందరూ అనేవారు. (పెళ్లికి ఊరెళ్లాడని తర్వాత తెలిసింది. అయినా తిరిగొచ్చాక రెండు వారాల పాటు ఎవరూ అతని కత్తి కింద మెడ పెట్టలేదు.)

నాకప్పుడు ఇరవై ఒక్క ఏళ్లు. టెక్నికల్ స్కూల్లో డ్రాయింగూ సర్వే నేర్చుకుని, రైల్వే వర్క్‌షాపు డ్రాయింగ్ ఆఫీసులో ట్రేసరుగా చేరాను. అంటే పెద్దవాళ్లు గీసిన బొమ్మ మీద పల్చటి గుడ్డ పరిచి, ఆ గీతల మీదే మళ్లీ గీతలు గీయడం. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. మా నాన్న కోస్తాలో మిషన్ బడి టీచరు. చర్చిలో ప్రసంగం వింటూ కూడా పాయింట్లకు నంబర్లు వేసి రాసుకునేవాడు. ఆ జబ్బు నాకూ వచ్చింది. జేబులో ఎప్పుడూ ఒక చిన్న పుస్తకం, చెవి మీద ఒక పెన్సిలు. మౌలాలి అన్న నన్ను ‘ఫుట్‌రూలు’ అని పిలిచేవాడు. ఆ హోటలుకు నన్ను మొదట తీసుకెళ్లిందీ ఆయనే.

మొదటి రోజు నా ముందుకు వచ్చిన వంటకం పేరు కౌసే. గిన్నెలో కొబ్బరిపాల పులుసు, దాని మీద వేయించిన వెల్లుల్లి, సగానికి కోసిన గుడ్డు, నిమ్మచెక్క. అడుగున మొదలూ చివరా తెలియని గోధుమ దారాలు. నేను ఒక దారం కొస పట్టుకుని రెండో కొస ఎక్కడుందో వెతకడం మొదలుపెట్టాను. “అరే తమ్మీ, కొలుస్తున్నవా, తింటున్నవా?” అన్నాడు అన్న. ఆ తర్వాత చిన్న పళ్లెంలో నల్లగా, తడిగా, ఆకు ముద్ద ఒకటి వచ్చింది. వేరుశనగపప్పూ నువ్వులూ కలిపి తినాలిట. అది టీ ఆకు అని తెలియగానే అన్న ముఖం మారింది. “ఛాయ్ తాగుతరు గని నములుడేందిర? గీ జాడీల ఇంకేమేం ఊరబెట్టిండ్రో!” అని నా చెవిలో అన్నాడు. పైకి మాత్రం, “మస్తుంది పిన్నీ, జెర ఇంకింత వెయ్యి,” అన్నాడు. పిన్ని నవ్వింది. చెంపల మీద ఏదో చెక్క అరగదీసిన లేత పసుపు పూత. ఆ పూత ఎందుకో మాకు తెలియదు కనక దాన్నీ పుస్తకంలో రాసుకున్నాను.

అనుమానాల సంగతి ఇలా ఉండగా, వాళ్ల కష్టం మాత్రం నాకు తెలుసు. బాబాయిది శ్రీకాకుళం వైపు పల్లె. కుర్రతనంలో ఓడెక్కి రంగూన్ వెళ్లి, ధాన్యం మిల్లులో పనిచేసి, అక్కడి పిల్లనే పెళ్లి చేసుకున్నాడు. జపాను బాంబులు పడ్డాక ఇద్దరూ అడవులు దాటి నడుచుకుంటూ ఇటొచ్చారు. ఒకసారి ఇల్లు పోగొట్టుకున్నవాళ్లు రెండోసారి కట్టుకున్న గూడు ఈ మూడు బల్లలు. ఇప్పుడు హోటళ్లకు బియ్యం పర్మిట్లన్నీ కొత్త సర్కారు మళ్లీ రాయిస్తోంది. ఇంట్లో ఎందరు మనుషులో రాయాలి. ఒక్క తల దాచినట్టు తేలినా పర్మిట్ రద్దు. పర్మిట్ పోతే హోటలు లేదు. “సదువుకున్నోడివి, నువ్వే రాసీ బాబూ,” అని బాబాయి ఆ ఫారం నా చేతిలో పెట్టాడు. ఇంట్లో మనుషులు ఇద్దరు అని అందమైన డ్రాయింగ్ ఆఫీసు అక్షరాల్లో రాసి, కింద సాక్షి సంతకం కూడా నేనే చేశాను. శనివారం ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి ఖాయం చేస్తాడన్నారు.

సంతకం చేసిన మర్నాడే నేను కంచం చూశాను. పన్నెండింటికి, ఎవరికీ వడ్డించకముందే, పిన్ని కొత్త అన్నంలోంచి మొదటి గరిటె తీసి ఒక కంచంలో పెట్టింది. పక్కన ప్రతి కూరలోంచీ ఒక్కొక్క ముక్క. మూత వేసి, రెండు చేతులతో పట్టుకుని, తల కొంచెం వంచి, తెర వెనక్కి తీసుకెళ్లింది. ఉత్త చేతులతో తిరిగొచ్చింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. నేను లెక్క వేశాను: తినేవాళ్లు తొమ్మిదిమంది, బాబాయి, పిన్ని, మొత్తం పదకొండు, కంచాలు పన్నెండు. ఒకసారి గాలికి తెర కదిలినప్పుడు లోపలికి చూశాను కూడా. మంచం, ట్రంకుపెట్టె. మనిషి లేడు. కంచం మాత్రం వెళ్తోంది. మూడు గంటలకు ఛాయ్‌కి వెళ్లినప్పుడు చూస్తే ఖాళీగా బయటికొస్తోంది.

“సాఫ్‌గ ఉంది కద తమ్మీ,” అన్నాడు అన్న వర్క్‌షాపు గేటు దగ్గర. “లోపట ఎవడో ఉన్నడు. రజాకారో, కామ్రేడో. మొదటి ముద్ద పెడ్తున్నరంటె పెద్ద లీడరే ఉంటడు.”

“గదిలో ఎవరూ లేరన్నా. నేను చూశాను.”

“గది ఎనుక ఇంకో గది ఉంటది. గిది సుత తెల్వదా, ఇంజినీరు సాబ్?”

నేను ఇంజినీరును కాను. కానీ ఆ మాట నన్ను పట్టుకుంది. సర్వే క్లాసులో మాకు ముప్ఫై అంగుళాల అడుగు వేయడం నేర్పించారు. కొలిచే చెయిను లేనప్పుడు ఆ అడుగులతోనే దూరం కొలవాలి. మర్నాడు హోటలు పక్క సందులో గోడ వెంట నడిచాను. నా అడుగులు పద్నాలుగు. అంటే కొలతలో ముప్ఫై అయిదడుగుల ఇల్లు. ముందు వెనక గోడలు ఒక్కోటి అడుగున్నర మందం, మూడు తీసేస్తే లోపల ముప్ఫై రెండు ఉండాలి. చేతులు కడుక్కునే చోటు పెరట్లో, తెర పక్క నడవలోంచి ఇల్లు ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిస్తే గానీ రాదు. భోజనం కాగానే లేచి కొలుచుకుంటూ నడిచాను. నా అడుగులు పదిన్నర. అంటే ఇరవై ఆరడుగుల మూడంగుళాలు. తేడా అయిదడుగుల తొమ్మిదంగుళాలు.

అయిదడుగుల తొమ్మిదంగుళాలంటే, బాగా ఎదిగిన ఒక మనిషి కాళ్లు చాపుకుని పడుకునేంత చోటు. పుస్తకంలో ఇంటి ప్లాను గీసి, కొలతలన్నీ వేసి, ఆ ఖాళీని ఏటవాలు గీతలతో నింపి, లోపల ‘మనిషి?’ అని రాశాను. (ప్రశ్నార్థకం పెట్టినందుకు నా మీద నాకే గౌరవం కలిగింది.) శనివారం దాకా ఆ రెండు రోజులూ నాకు తిండి సయించలేదు. చెబితే సర్కారువాళ్లు బాబాయి హోటలు మూయించేస్తారు. చెప్పకపోతే ఆ సంగతి వాళ్లే కనుక్కుని, దొంగ లెక్కకు సాక్షి సంతకం చేసిన ట్రేసరును వెతుక్కుంటూ డ్రాయింగ్ ఆఫీసుకు వస్తారు.

శనివారం పన్నెండు కావస్తుండగా ఇన్‌స్పెక్టరు వచ్చాడు. మద్రాసు వైపు నుంచి కొత్తగా వేసిన మనిషి. సన్నటి మీసం, సంచిలో కాగితాలు, కాలు పొట్టి బెంచీ మీద కూర్చుని ఊగుతూ కూడా గంభీరంగా ఉండగల ముఖం. బియ్యం మూటలు లెక్కపెట్టాడు. జాడీల మూతులు విప్పించాడు. ఘాటుగా వాసన కొట్టే చేపల ముద్ద జాడీ దగ్గర మాత్రం తొందరగా కట్టించేశాడు. “ఇంట్లో ఎవరెవరు?” అన్నాడు. “నేనూ ఇదీ బాబూ, ఇద్దరమే,” అన్నాడు బాబాయి. సరిగ్గా అప్పుడు పన్నెండైంది. పిన్ని మొదటి గరిటె అన్నం కంచంలో పెట్టి, మూత వేసి, తల వంచి, ఆయన ముందు నుంచే తెర వెనక్కి వెళ్లింది.

“ఆ కంచం ఎవరికి?” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

బాబాయి నోరు తెరవబోయాడు. అంతకంటే ముందు నా నోరు తెరుచుకుంది. “అయిదడుగుల తొమ్మిదంగుళాలు తగ్గుతోందండీ!” అన్నాను.

మౌలాలి అన్న నా కాలు తొక్కాడు గానీ, అప్పటికే మాట జారిపోయింది. ఇన్‌స్పెక్టరు చెయ్యి చాపాడు. నేను పుస్తకం ఇచ్చాను. ఆయన ప్లాను చూశాడు, ఏటవాలు గీతలు చూశాడు, ప్రశ్నార్థకం చూశాడు. సంచిలోంచి ఇనప టేపు తీశాడు. ఒక కొస నాకిచ్చి, ఇంకో కొస తాను పట్టుకున్నాడు. బాబాయి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆ పెద్దమనిషి అంత చిన్నగా కనబడ్డం నేనెప్పుడూ చూడలేదు. బయట ముప్ఫై ఒక్క అడుగుల నాలుగంగుళాలు. లోపల ఇరవై ఎనిమిది అడుగుల నాలుగంగుళాలు. తేడా మూడడుగులు, రెండు గోడల మందం, అంగుళం కూడా ఎక్కువ లేదు.

“నువ్వెలా కొలిచావు?” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

చెప్పాను. చెబుతుంటేనే నాకు తెలిసిపోయింది. బయట ఎవరైనా చూస్తారేమోనని గోడ వెంట పిల్లిలా చిన్న చిన్న అడుగులు వేశాను. లోపల, పిన్ని వేసిన ఎండుమిరపకాయ మంటకు పెరట్లో నీళ్లతొట్టి వైపు పరుగులాంటి అంగలు వేశాను. ఆ రెంటినీ ముప్ఫై అంగుళాలుగానే లెక్కకట్టాను. నా పుస్తకంలో దాక్కున్న మనిషి సగం నా భయంతో, సగం మిరపకాయతో తయారైనవాడు.

“అరే ఫుట్‌రూలు,” అన్నాడు అన్న, ఎవరికీ వినబడనట్టు అందరికీ వినబడేలా, “ఇంక నువ్వు నడువకు. టేపు మీద పండుకొని పో.”

ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. తెర తీసి లోపలికెళ్లాడు. మేమూ వెళ్లాం. ట్రంకుపెట్టె మీద తెల్లగుడ్డ, గుడ్డ మీద మూత పెట్టిన కంచం. అంతే. “మరి ఇది ఎవరికమ్మా?” అన్నాడు, ఈసారి కొంచెం మెల్లగా.

“అమ్మకి,” అంది పిన్ని.

“ఆల దేశంలో అంతే బాబూ,” అన్నాడు బాబాయి కంగారుగా. “ఇంట్లో పెద్దోలకి మొదటి ముద్ద తియ్యకుండా ఎవులూ ముట్టరు. పెద్దోలు ఎదరుంటే ఆల కంచంలోన ఏస్తారు. నేకపోతే తీసి పక్కనెడతారు. అందరూ తిన్నాక అది ఇదే తినీస్తాది. బియ్యం ఏటీ ఎక్కువవదు బాబూ! ఈళ్లమ్మ మాతో నడవనేనని అక్కడే ఉండిపోనాది. ఉన్నాదో నేదో, ఏడేళ్లయి కబురు నేదు.”

ఇన్‌స్పెక్టరు ఫారం తీశాడు. రూలు ప్రకారం ఇంటి ఆడమనిషిని కూడా అడగాలిట. కలం విప్పుకుని, “ఇంట్లో ఎంతమందమ్మా?” అన్నాడు.

“మూడు,” అంది పిన్ని.

“ఇద్దరం! ఇద్దరమనీ చెప్పీ!” అన్నాడు బాబాయి.

“మూడు,” అంది పిన్ని మళ్లీ. ఆమె అబద్ధం చెప్పడం లేదు. మొండితనమూ కాదు. కూడిక అడిగారు, కూడి చెప్పింది. తల్లికి రోజూ అన్నం తీస్తూ, ఇప్పుడు నోటితో ఇద్దరం అనడం ఆమెకు చేతకాలేదు. ఇన్‌స్పెక్టరు కలం కాగితం మీద వాలకుండా ఆగింది. కాగితం ఇద్దరంటోంది, ఇల్లాలు ముగ్గురంటోంది. ఆ ఒక్క తలకు ఏ హోటలయినా మూతపడే రోజులవి. ఆయన నా వైపు తిరిగాడు. “సాక్షివి నువ్వేగా. చెప్పు.”

“ఇద్దరే సార్,” అన్నాను. “టేపు ఒక కొస మీరే పట్టుకున్నారు. ఈ ఇంట్లో మూడో మనిషి పట్టే చోటు లేదు.”

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. నన్నూ ఏదో కేసులో అనుమానిస్తున్నాడేమో అనుకున్నాను. తర్వాత ఫారం నా ముందుకు జరిపి, “అయితే నీ చేత్తోనే మళ్లీ రాసి సంతకం చెయ్యి,” అని బయటికెళ్లి బెంచీ మీద కూర్చున్నాడు. నేను రాస్తుంటే పిన్ని నా భుజం మీదుగా చూసింది. ఆమెకు తెలుగు చదవడం రాదు, అంకెలు మాత్రం వచ్చు. వంటింట్లోకి వెళ్లి గరిటె అందుకుంది.

పర్మిట్ వచ్చింది. బాబాయి నన్ను ఒక్క మాట అనలేదు, అనుంటే బాగుండేది. మౌలాలి అన్న మాత్రం డ్రాయింగ్ ఆఫీసంతా ఆ కథ చెప్పి, ప్రతిసారీ నా అడుగులు ఇంకొంచెం చిన్నవి చేసేవాడు. ఆ తర్వాత నేను గీసిన ప్లాన్ల ప్రకారం చాలా ఇళ్లు కట్టారు, కొన్ని బాగానే నిలబడ్డాయి. ఎవరైనా ఇంట్లో ఎందరుంటారని ఫారం నింపమంటే ఇప్పటికీ నా కలం ఒక్క క్షణం తడబడుతుంది. అప్పట్లో ఆ కుర్రవాడికి ఆ తడబాటు లేదు. కొలిచాను కనక తెలుసు అనుకున్నాడు, పాపం. ఆ ఫారం గడిలో అంకె నిటారుగా, స్కేలు పెట్టి గీసినట్టు వేశాడు.

ఇంట్లో మనుషులు: 2.